కారు, బారు, తారు, సారు: దత్తపది దర్జా

పృచ్ఛకుడు లేచి నాలుగు మాటలిస్తాడు. కారు, బారు, తారు, సారు. అన్నీ ఇంగ్లీషు సరుకే, అన్నిటికీ ఒకటే తోక. ఆపైన షరతు: భారతార్థంలో పద్యం చెప్పాలి, ఒక్క మాటా ఇంగ్లీషు అర్థంలో రాకూడదు. అవధానంలో దత్తపది అంటే ఇదే. అష్టావధానంలోని ఎనిమిది అంశాల్లో నా ఓటు ఎప్పుడూ దీనికే. సమస్యాపూరణంలో చమత్కారం ఉంది, కాదనను. కానీ పరాయి మాటను తెచ్చి తెలుగు ఒంట్లో కలిపేసుకునే విద్య మాత్రం దత్తపదిదే.

పని ఎలా జరుగుతుందో చూడండి. అవధాని ఆ మాటల అర్థం జోలికి పోడు, అక్షరాలనే పట్టుకుంటాడు. 'కారు' తెలుగులో ఎటూ ఉంది: పరులు కారు, పగవారు కారు. 'బారు' అంటే బారులు తీరిన సైన్యం. 'తారు'ను 'తారుమారు'లో దూర్చవచ్చు. 'సారు'కు ముందు 'వే' చేరిస్తే వేసారడం. మాటలు కరిగాయి, ఇక ఛందస్సు. విదురుడు ధృతరాష్ట్రుడితో అంటున్నట్టుగా, నమూనాకు నేను కట్టిన ఆటవెలది ఇది:

బారు తీరి సేన పార్థునిఁ జేరెను
వారు నీకుఁ బరులు కారు రాజ!
సంధి గోరి గోరి శౌరి వేసారును
తారుమారు గాదె ధర్మ మెల్ల!

మొదటి పాదంలో బా-పా, మూడోదాంట్లో సం-శౌ, నాలుగోదాంట్లో తా-ధ యతులు. రెండో పాదం చూడండి: అక్కడ వారు-కారు ప్రాసయతి. అంటే పృచ్ఛకుడు అడ్డం వేసిన మాటే యతిస్థానంలో కూర్చుని పాదాన్ని నిలబెట్టింది. దత్తపదిలో అసలు అందం ఇదే. ఇచ్చిన మాట అతికించినట్టు కనపడితే అది పూరణే కాదు.

ఇది కాగితం, కలం దగ్గర పెట్టుకుని కట్టిన పద్యం. అవధానికి ఆ రెండూ ఉండవు. పైగా అతడు చెప్పేది సాధారణంగా ఉత్పలమాలో, శార్దూలమో. ఉత్పలమాల అంటే పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్క పాదమే చెబుతాడు. ఈలోగా నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు ప్రతి అక్షరానికీ అడ్డుపడతాడు, గంటలు మోగుతాయి లెక్కపెట్టాలి, అప్రస్తుత ప్రసంగి ఇంట్లో కూరేమిటని అడుగుతాడు. నాలుగు ఆవృత్తులయ్యాక పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. దీన్ని ధారణ అంటారు. మనిషి బుద్ధి ఇంత చేయగలదా అని ఎన్నిసార్లు విన్నా ఆశ్చర్యమే!

ఈ విద్యకు మూలం ఎక్కడో సంస్కృతంలో ఉందంటారు. 19వ శతాబ్దంలో మాడభూషి వేంకటాచార్యులు దీనికి ఊపు తెచ్చారు. ఊరూరా జనంలోకి తెచ్చింది తిరుపతి వేంకట కవులు. రెండు భాషలకూ మేమే కవీంద్రులమని చాటడానికే మీసాలు పెంచామన్న జంట అది! మరో అవధాన జంట కొప్పరపు సోదరుల అభిమానులు ఇక్కడ నాతో పోట్లాటకు వస్తారని తెలుసు. వారి ఆశుధార గంటకు వందల పద్యాల వేగమని చెబుతారు. వేగం గొప్పదే. కానీ తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వారి దగ్గర బందరు బడిలో చదువుకున్నవాళ్లలో విశ్వనాథ సత్యనారాయణ ఉన్నారు, ఆ జంట రాసిన పాండవోద్యోగ విజయాల నాటక పద్యాలు నేటికీ చదువురాని రైతు నోట కూడా పలుకుతాయి. నేను ఆ పక్షమే.

మన కాలంలోనూ మేడసాని మోహన్, మాడుగుల నాగఫణి శర్మ, గరికిపాటి నరసింహారావు వేయిమంది పృచ్ఛకుల ముందు నిలిచి సహస్రావధానాలు చేశారు. ఆడవాళ్లకు ఈ విద్య పట్టుబడదన్న కూతలకు బులుసు అపర్ణ శతావధానంతో జవాబిచ్చారు.

మరి ఇప్పుడు జరుగుతున్నదేమిటి? పృచ్ఛకులు మాటల్ని ముందురోజే ఫోనులో చేరవేస్తున్నారు. 'రామ, సోమ, భీమ, శ్యామ' అంటూ దత్తపది ఇస్తున్నారు. అవి పద్యంలో వాటంతటవే ఒదుగుతాయి, అందులో అవధాని చేయవలసిన పనేముంది? సగం సభ అప్రస్తుత ప్రసంగంలోని హాస్యానికి చప్పట్లు కొట్టి, ధారణ మొదలయ్యేసరికి చెప్పులు వెతుక్కుంటుంది. ధారణ లేకుండానే శాలువా కప్పి దీన్నీ అవధానం అంటున్నారు. ఇది మోసం. ఏళ్ల తరబడి వేలకొద్దీ పద్యాలు కంఠస్థం చేసి గొంతు అరగదీసుకున్నవాడికి ద్రోహం.

సభలు పెట్టేవారిని చేతులు జోడించి అడుగుతున్నాను. దత్తపది మాటలు సభికుల చీటీల్లోంచి అక్కడికక్కడ తీయించండి. కంప్యూటరు, క్రికెట్టు, ఏ భాషదైనా సరే, ఏటికి ఎదురీదే మాటలివ్వండి. పృచ్ఛకుడికి ఛందస్సు తెలిసి ఉండాలని పట్టుబట్టండి, యతి తప్పితే లేచి అడగనివ్వండి. ధారణలో చివరి పద్యం పూర్తయ్యేదాకా శాలువాలు, దండలు వేదిక ఎక్కనివ్వకండి.