తబానాన్ సీమలో నీటి పంపకము

బాలి ద్వీపమున నైరుతి భాగమందు, 2,276 మీటర్ల యెత్తు గల బటుకారు పర్వతము మొదలుకొని హిందూ మహాసముద్రతీరము వఱకు ఏటవాలుగా దిగివచ్చు తబానాన్ జిల్లాను ఆ ద్వీపవాసులు తమ ధాన్యాగారమని చెప్పుకొందురు. పటమున జూచువానికి, ఇన్ని యేరులు గల నేలకు నీటి చిక్కేమి యుండునని తోచును. కాని యచ్చటి నేల అగ్నిపర్వతముల బూడిద గట్టిపడి యేర్పడిన మెత్తని రాయి. ఆ రాతిని యుగయుగములుగా కోసికొనుచు పోయిన నదులు లోతైన లోయల యడుగున పారుచుండ, పొలములు వానికెంతో యెత్తున గట్లమీద నిలిచియున్నవి. నీటి సవ్వడి వినబడుచునే యుండును గాని, దానిని మడికెక్కించుటకు వీలుపడదు. అందుచేత బాలి కర్షకుడు తన పొలమునకు చాల యెగువన, నదీగర్భమే తన మడికంటె ఎత్తుగా నుండు తావు వెదకి, అచ్చట చిన్న ఆనకట్ట వేసి, కొండను తొలిచి, ఒక్కొక్కయెడ కిలోమీటరునకు మించిన సొరంగముల గుండ నీటిని వెలికి దెచ్చుకొనెను. క్రీ.శ. 896 నాటి బేబేతిన్ శాసనమందే సొరంగములు త్రవ్వు పనివారి ప్రసక్తి గలదు.

ఇట్టి పని యొక కుటుంబము వలన నగునది కాదు. ఒకే కాలువ నీరు పాఱు మళ్లకు యజమానులైన వారందరు కూడి యేర్పఱచుకొన్న సంఘమునకు సుబక్ అని పేరు. ఊరు వేఱు, సుబక్ వేఱు: ఒక యూరివారు రెండు మూడు సుబక్కులలో నుండవచ్చును; ఒక సుబక్కులో నాలుగూళ్లవారుండవచ్చును. నీరెచ్చటనుండి వచ్చునో అదియే బంధుత్వము. సభ్యులు తమలో నొకనిని 'పెకాసే'గా నెన్నుకొందురు. కాలువ పూడిక తీయుట మొదలు జరిమానాల వఱకు గల కట్టుబాట్లను పూర్వము తాటియాకులపై వ్రాసియుంచెడివారు.

నీటిని పంచు సాధనమును చూచినచో ఆశ్చర్యము గలుగక మానదు, అది అంత సామాన్యమైనది గనుక. కాలువ కడ్డముగా ఒక కొయ్య దుంగను పరుండబెట్టి, దాని పైయంచున వేర్వేఱు వెడల్పులు గల గాడులు చెక్కుదురు. లోతు మాత్రము అన్నిటికిని ఒక్కటే. దుంగ మట్టము తప్పరాదు. దానికి ముందు కొంతదూరము కాలువ వంకర లేక, నీరు ఉరకక నెమ్మదిగా రావలెను. ఏలయన, ఒక గాడి యడుగు వ్రేలెడు పల్లమైనను, ప్రవాహము ఒక ప్రక్కకు ఒరసికొని వచ్చినను పంపకము చెడును. గాడి వెడల్పే వాటా. ఆ వాటాను 'తెక్‌తెక్' అను కొలతతో లెక్కింతురు. రెండు తెక్‌తెక్కులు గలవానికి ఇబ్బడి నీరు వచ్చును, కాలువపని భారమును ఆ లెక్కకు తగినట్లే పడును. ఏరు పొంగిన నాడు అందరికిని పెరుగును, సన్నగిల్లిన నాడు అందరికిని తరుగును. మూయుటకు తలుపు లేదు, త్రిప్పుటకు చక్రము లేదు. కావున తాళపుచెవి చేతబట్టుకొని కూర్చుండువాడొకడు పుట్టుటకు తావే లేదు. మన డెల్టాలలో శివారు భూముల రైతు లస్కరు చుట్టును తిరుగు తిరుగుడు ఎఱిగినవారు ఈ దుంగ విలువను నేను చెప్పకయే గ్రహింపగలరు.

అయినను దుంగ పాలు పంచునే గాని కాలము చెప్పదు. ఎవరెప్పుడు నాటవలెను? అందరును ఒక్కమాఱే నాటినచో దమ్ముచేయు దినములలో నీరు చాలదు. ఎవరి కిష్టమైనప్పుడు వారు నాటినచో నీరు చాలును గాని, ఒక మడిలో కోతయైన వెంటనే ప్రక్కమడిలో లేత పైరు దొఱకుటచే ఎలుకలకును, సుడిదోమకును పండుగయగును. విశాలమైన ప్రదేశమంతయు ఒక్కసారి కోసి, ఒక్కసారి బీడుపెట్టి నీట ముంచినప్పుడు మాత్రమే పురుగు తిండి లేక నశించును. ఎగువవానికి దిగువవానితో పని పడుట ఇచ్చటనే. దిగువవానికి నీరందక వాడు వెనుకబడి నాటినచో, వాని మడిలో పెరిగిన పురుగు తిరిగి ఎగువవాని మీదికే వచ్చును. కనుక నీరు వదలుట ఎగువవానికి దానము గాదు, ఆత్మరక్షణము. ఈ రెండు భయముల నడుమ ఎన్ని సుబక్కులు కలిసి బీడుపెట్టవలెనో, ఏది ముందు, ఏది వెనుకయో నిర్ణయించునవి నీటి దేవాలయములు. ఆనకట్ట యొద్ద చిన్న గుడి, దానికిపైన మఱి యొకటి, ఆపైన బెరతాన్ సరస్సు అంచున కోవెల, ఇట్లు అంతస్తులుగా నున్న ఆలయములలో ఉత్సవమునకు చేరినవారే పంటల వరుసను తీర్మానించుకొందురు. ఆ ఉత్సవములలో కొన్ని 210 దినముల బాలి వత్సరమునుబట్టియు, కొన్ని చాంద్రమానమును బట్టియు వచ్చును. ఆ రెండవదానిలో లెక్కించు శకము మన పంచాంగములలోని శాలివాహన శకమే.

1970వ దశకమున ప్రభుత్వము స్వల్పకాలిక వంగడములను తెచ్చి, దేవాలయపు వరుసతో నిమిత్తము లేక, ఎన్ని పంటలు వీలైన నన్ని పండింపుమని రైతులను తొందరపెట్టెను. మొదట దిగుబడి పెరిగినమాట నిజమే. పిమ్మట సుడిదోమ, దాని వెనుక టుంగ్రో తెగులు వ్యాపింపగా, మందులు చల్లినకొలది చీడ ముదిరెను. స్టీఫెన్ లాన్సింగ్ అను మానవశాస్త్రజ్ఞుడును, జేమ్స్ క్రెమర్ అను జీవావరణ శాస్త్రజ్ఞుడును, తూర్పునగల ఊస్, పెతాను నదుల పరీవాహమందలి 172 సుబక్కులను కంప్యూటరుపై లెక్కగట్టి చూడగా, దేవాలయములు కుదిర్చిన వరుసకు దగ్గఱగా నున్న కలయికయే మిక్కిలి ఫలమిచ్చునదిగా తేలినది. పూజారుల నోట వినక కొట్టివేసినదానిని అధికారులు యంత్రము నోట విని నమ్మిరి. విద్యావంతుల తీరు ఎచ్చటనైనను ఇంతే గాబోలు!

బీడు దినములలో పొలము ఖాళీగా నుండదు. బాతుల కాపరి ఉదయమున తెల్లని గుడ్డ కట్టిన వెదురుగడ నొకటి మడిలో పాతి తనదారిన తాను పోవును. బాతులు ఆ గడను విడిచి దూరము పోక, రాలిన గింజలను, పురుగులను ఏరుకొని తినుచు, నేలకు ఎరువు వేయుచుండును. ఈ జిల్లాలోని జతిలువిః ప్రాంతమున నేటికిని పండు పొడవాటి పాతరకపు ఎఱ్ఱబియ్యపు వరిని, అరచేతిలో మఱుగుపడు చిన్న కత్తితో కంకి వెంట కంకిగా కోయు ఆచారము గలదు. ధాన్యదేవతయైన శ్రీదేవి కొడవలిని చూచి బెదరునట. ఎలుకల బెడద మితిమీఱినపుడు ఈ జిల్లావారు ఊరంతయు వేటాడి చంపిన ఎలుకలకు యథావిధిగా దహనసంస్కారము చేసి, వాని ఆత్మలను మరల ఎలుకలై రావద్దని వేడుకొందురు. నవ్వువారు నవ్వవచ్చును గాని, ఊరంతయు ఒకేదినమున వేటకు కదలుటకు ఇంతకంటె మంచి యుపాయము కనబడదు.

2012లో యునెస్కో, బటుకారు పాదమందలి మళ్లతో సహా, 19,500 హెక్టారుల సుబక్ ప్రదేశమును ప్రపంచవారసత్వముగా ప్రకటించి, దైవముతోను, తోడివారితోను, ప్రకృతితోను పొందిక యను 'త్రిహితకరణ'మును దానికి తాత్త్వికమూలముగా పేర్కొనెను. ఆ సమాసము 1960వ దశకమున ప్రచారమునకు వచ్చినది. దుంగ దానికంటె చాల పాతది. ప్రకటనము వెంట యాత్రికులు వచ్చిరి, యాత్రికుల వెంట భోజనశాలలు, విడిదిగృహములు వచ్చినవి. కాలువ నడిమి మడి యొకటి విడిదిగృహమునకు అమ్ముడుపోయినచో పోవునది ఆ యొక్క మడి మాత్రమే కాదు: దానిమీదుగా సాగు పిల్లకాలువ తెగును, దాని క్రింది మళ్లు ఎండును, పూడిక తీయుటకు ఒక చేయి తగ్గును, మిగిలినవారు దుంగను తీసి, గాడులను మరల చెక్కుకొనవలసి వచ్చును.