గుర్రం పేగును గుర్రం పేగుగానే చదవాలి

గుర్రం కడుపునొప్పితో పొర్లుతోందని కబురొస్తే చిగుళ్ల రంగు చూస్తాను, నాడి చూస్తాను. ఆ తర్వాత స్టెతస్కోపు డొక్కలకు ఆనిస్తాను. ఎడమవైపు పైనా కిందా, కుడివైపు పైనా కిందా. ఆరోగ్యంగా ఉన్న గుర్రం కడుపు ఊరికే ఉండదు, దూరపు ఉరుములా గుడగుడమంటూనే ఉంటుంది. నాలుగు చోట్లా నిశ్శబ్దమైతే, పక్కనే సైసు “పొద్దుట్నుంచి లద్ది వెయ్యలేదండీ” అంటే, నాకు గుండె బరువెక్కుతుంది.

ఆ గుడగుడల వెనక పనిచేసేవాటిలో ముఖ్యమైనది సెరటోనిన్. మనసును నడిపే రసాయనంగా దానికి పేరుంది గానీ, ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం ఉండేది పేగుల్లోనే. 1930లలో ఇటలీ శాస్త్రవేత్త విట్టోరియో ఎర్‌స్పామర్‌కు అది దొరికింది కూడా జీర్ణనాళపు పొరలోనే. మేత వచ్చి పేగు గోడను సాగదీస్తే లోపలి పొరలోని కణాలు సెరటోనిన్‌ను వదులుతాయి. ఆ కబురు నాడులకు అందగానే మేత వెనక కండరం బిగుస్తుంది, ముందు కండరం సడలుతుంది.

గుర్రానికి ఈ కదలికే ప్రాణం, ఎందుకంటే అది వాంతి చేసుకోలేదు. మెలిపడిన చిన్నపేగుకు ఆపరేషన్ చేశాక కదలిక తిరిగి రాకపోతే, పేగులో నిలిచిన ద్రవం జీర్ణాశయంలోకి ఎదురు తంతుంది. ముక్కులోంచి గొట్టం వేసి తోడకపోతే జీర్ణాశయం పగలొచ్చు. కుట్లు ఎంత చక్కగా పడినా, పేగు కదిలి లద్ది పడేదాకా మాకు నిద్ర ఉండదు.

సెరటోనిన్ కబురును అందుకునే గ్రాహకాలను తట్టే మందులిస్తే పేగు కదులుతుందన్న ఆశ పాతదే. కానీ అలాంటి మందుల్లో మెటోక్లోప్రమైడ్ ఇస్తే కొన్ని గుర్రాలు తీవ్రమైన అలజడికి లోనవుతాయి. సిసాప్రైడ్ మనుషుల్లో గుండె లయను చెడగొడుతోందని 2000లో అమెరికా మార్కెట్ నుంచి తప్పించారు. అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది. ఈ మందులు పేగును కదిలించడానికి ముఖ్యంగా నమ్ముకున్నది నాలుగో తరగతి గ్రాహకాన్ని. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్రం చిన్నపేగు ముక్కలను పరీక్షిస్తే, అక్కడ కండరాన్ని బిగించడంలో 1ఎ తరహా గ్రాహకం ప్రధానంగా కనిపించింది. తాళం వేరైనప్పుడు మనిషి కోసం చేసిన తాళంచెవి మీద అంత భరోసా ఎలా పెట్టుకుంటాం?

పోనీ సెరటోనిన్ ఎక్కువైతే మేలా అంటే అదీ కాదు. పేగు గోడ దెబ్బతిని బ్యాక్టీరియా విషాలు నెత్తుట్లో కలిస్తే, ప్లేట్‌లెట్లు దాచుకున్న సెరటోనిన్‌ను వదిలేస్తాయి. అది గిట్టల్లోని రక్తనాళాలను బిగదీయగలదు. కడుపు జబ్బు వెంట గిట్టల వాపు రావడానికి ఇదొక కారణం కావొచ్చని పరిశోధకులు అనుమానిస్తున్నారు. పేగులో మేలు చేసే పదార్థమే నెత్తుట్లో కీడు చేయగలదన్నమాట.

అందుకే ఈ వృత్తిలోకి వచ్చే కుర్రవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఏ మందైనా ఎక్కించే ముందు అది ఏ గ్రాహకం మీద, ఏ పేగులో పనిచేస్తుందో, గుర్రంలోనే అది రుజువైందో లేదో అడగండి. యజమానులకూ ఒక మాట: గుగ్గిళ్లూ దాణా ఒక్కసారిగా పెంచకండి, గడ్డీ నీళ్లూ నడకా తగ్గించకండి. గుర్రం పేగు మీద మన దేశంలో మరిన్ని పరిశోధనలు జరగాలి. నొప్పి ఎక్కడుందో చెప్పుకోలేని జీవానికి, దాని ఒంటికి తగిన వైద్యం అందించడం మన బాధ్యత.