ధాన్యము లేని భోజనము: ‘బదులు’ అను మాటపై విమర్శ

ఏకాదశినాడు అన్నము మాని సగ్గుబియ్యపు ఉప్మాతో సరిపుచ్చుకొనువారు మనలో కలరు. ఒక్కపూట వ్రతమునకు అది చాలును. కాని ధాన్యము లేని భోజనమునే నిత్యభోజనముగా, అందును పేదవాని ఖర్చులో, సాగించవచ్చునా? ఇది కొత్త ప్రశ్న కాదు. ఒకప్పుడు ప్రభుత్వమే దానిని దేశము ముందుంచినది.

స్వాతంత్ర్యము వచ్చిన తొలి యేండ్లలో ధాన్యపు కొరత తీవ్రముగా నుండెను. 1950–52 మధ్య కె.ఎం. మున్షీ ఆహారమంత్రిగా నున్నప్పుడు, బియ్యము గోధుమలకు బదులు దుంపలు, అరటికాయలు వాడుడని ప్రచారము సాగినది. ఆయన సతీమణి లీలావతీ మున్షీ పూనికతో ‘అన్నపూర్ణ’ అను భోజనశాలలు వెలసి, ధాన్యము కలియని వంటకములు వడ్డించినవి.

ఈ యత్నమును ఎగతాళి చేయుట న్యాయము కాదు. వరి పండని మెట్టనేలలో కూడ కర్రపెండలము పండును. అన్నము తప్ప వేరొకటి భోజనము కాదను పట్టుదలను సడలింపజూచుట కూడ మంచి పనియే. లోపము ‘బదులు’ అను మాటలో నున్నది. ఒకదానికి బదులు మరొకటి పెట్టునప్పుడు మొదటిది చేయుచుండిన పనులన్నియు రెండవది చేయవలెను గదా! బియ్యము కడుపు నింపుట మాత్రమే కాక, పేదవానికి మాంసకృత్తులలో పెద్దపాలును అందించుచున్నది. ఈ రెండవ పని మన కంటికి కనబడదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన పట్టికలను చూడుడు. 100 గ్రాముల బియ్యములో 345 కేలరీల శక్తి, 6.8 గ్రాముల మాంసకృత్తులు గలవు. అంతే తూకపు పచ్చి కర్రపెండలములో 157 కేలరీలు, 0.7 గ్రాముల మాంసకృత్తులు మాత్రమే గలవు. బియ్యముతో సమానమైన శక్తికి 220 గ్రాముల దుంప తినవలెను. అప్పటికిని దొరకు మాంసకృత్తులు ఒకటిన్నర గ్రాములే. కడుపు నిండినది, పెరుగు బిడ్డకు కండ పట్టు పదార్థము మాత్రము నాలుగవ వంతునకు పడిపోయినది. ఆకలి లేదు గనుక లోపము తెలియదు. ఇదియే ఇందలి ప్రమాదము.

దీనికి విరుగుడు కూడ ఆ రోజులలోనే దొరకినది. 1950లో మైసూరున ప్రారంభమైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, మూడు పాళ్ళు కర్రపెండలపు పిండికి ఒక పాలు వేరుసెనగ పిండి కలిపి ‘మైసూరు పిండి’ని తయారుచేసినది. ఇది ‘బదులు’ కాదు, ‘జోడింపు’. ఇంటిలోను ఈ లెక్క చేయవచ్చును. 130 గ్రాముల కర్రపెండలము, 25 గ్రాముల వేరుసెనగపప్పు కలిసి సుమారు 346 కేలరీలు, 7.2 గ్రాముల మాంసకృత్తులు ఇచ్చును. ఇప్పుడు 100 గ్రాముల బియ్యమునకు సాటి వచ్చినది.

వంటలో జాగ్రత్త కూడ అవసరము. కర్రపెండలములో సైనైడును విడుదలచేయు పదార్థము గలదు. తొక్క తీసి, చిన్నముక్కలుగా కోసి, ఎక్కువ నీటిలో బాగుగా ఉడికించి, ఆ నీటిని పారబోయవలెను. బూజు పట్టిన వేరుసెనగ గింజలను ఏరి పారవేయవలెను. వానిలో అఫ్లటాక్సిన్ అను విషము చేరియుండవచ్చును. ఉడికిన ముక్కలపై వేయించి దంచిన వేరుసెనగపొడి చల్లి, ప్రక్కన మునగాకు వేసిన పప్పు, కొంచెము నువ్వులపొడి పెట్టినచో భోజనము నిండుగా నుండును. పప్పులలో మెథియోనిన్ అను ఆమ్లము తక్కువ. సాధారణముగా ఆ కొరతను ధాన్యము తీర్చును. ధాన్యము లేనప్పుడు నువ్వులో, గ్రుడ్డో, పాలో తీర్చవలెను.

ఇక ఖర్చు మాట. 2013 నాటి ఆహారభద్రతా చట్టము క్రింద అర్హులైన కుటుంబములలో ఎక్కువమందికి మనిషి ఒక్కింటికి నెలకు 5 కిలోల ధాన్యము లభించును. అట్టి ఇంటిలో ధాన్యము మానుట పొదుపు కాదు. చేతికి వచ్చిన చౌక మాంసకృత్తులను వదలుకొనుట. బాదము, పనీరులతో ధాన్యము లేని వంటలు నేర్పువారు ఈ ఇంటి లెక్క చూడరు. పేదవానికి చెప్పదగిన సలహా ‘ధాన్యము మానుము’ అని కాదు. ‘ధాన్యము తగ్గినప్పుడు దుంపతో పాటు పప్పును పెంచుము’ అని.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో లెక్కగా చేయింపవచ్చును. 10 గ్రాముల మాంసకృత్తులకు వేరుసెనగపప్పు 40 గ్రాములు, కందిపప్పు 45 గ్రాములు, బియ్యము సుమారు 150 గ్రాములు, కోడిగ్రుడ్లు ఒకటిన్నర, కర్రపెండలము సుమారు 1,430 గ్రాములు కావలెను. సగ్గుబియ్యమైనచో ఏకముగా 5 కిలోలు! విద్యార్థులు తమ ఊరి సంతలో ధరలు అడిగి తెలిసికొని, ప్రతిదానికి ఎంత ఖర్చగునో గుణించి చూడవలెను. ఏది నిజముగా చౌకయో అప్పుడు వారికే తెలియును.

ఏకాదశినాటి సగ్గుబియ్యపు ఉప్మాలో ఇంటి పెద్దమ్మ గుప్పెడు వేరుసెనగపప్పు వేయుట చూచియుందుము. రుచికొరకే వేసినదేమో. కాని ఆ వంటకములో ఒంటికి పట్టునది ఆ గుప్పెడే.