చూపే ఆయుధమైన వృత్తి

బ్రిటన్ సైన్యంలో స్పెషల్ రికానిసెన్స్ రెజిమెంట్ 2005 ఏప్రిల్‌లో ఏర్పడింది. దాని పని రహస్య నిఘా. ఉత్తర ఐర్లండ్‌లో మామూలు దుస్తుల్లో తిరిగిన 14 ఇంటెలిజెన్స్ కంపెనీ అనే సైనిక దళం అనుభవమే దానికి పునాది. బయటివాళ్లు నేరుగా చేరలేరు. అప్పటికే సాయుధ దళాల్లో ఉన్నవారే స్వచ్ఛందంగా ముందుకు రావాలి. స్త్రీలకూ మొదటినుంచీ ప్రవేశం ఉంది.

ఇక్కడ కండబలం ఒక్కటే చాలదు. గంటల తరబడి చెదరని ఏకాగ్రత, నీళ్లలో ఉప్పులా జనంలో కలిసిపోయే నేర్పు, చూసింది చూసినట్టు చెప్పే నిజాయితీ కావాలి. ఒక్క తప్పుడు సమాచారం అమాయకుడి ప్రాణం తీయొచ్చు. ఇలాంటి ప్రత్యేక దళాల గురించి బ్రిటన్ ప్రభుత్వం సాధారణంగా మాట్లాడదు. వారి విజయాలు చాలావరకు లోకానికి తెలియవు. పేరు ఆశించకుండా ఇంత నిష్ఠగా చేసే పని ఏదైనా గౌరవానికి అర్హమే.