పుల్ల జరిపితే సర్వీసింగ్ కాదు

బాపు పెళ్ళినాటి హెచ్‌ఎంటీ జనతా గడియారం రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతుంటే జమ్మికుంటలో గడియారాలు బాగుచేసే చాచా దగ్గరికి తీసుకుపోయాను. స్టేషన్‌కు పోయే దారిలో ఒక మనిషి, ఒక బల్ల పట్టేంత కొట్టు ఆయనది. గడియారం చేతికిస్తే ముందు చూడలేదు, చెవికి ఆనించుకున్నాడు. "నత్తి కొడుతుంది బిడ్డా. టిక్కుకూ టాక్కుకూ నడుమ సందు సమానంగ లేదు" అన్నాడు. నేనూ విన్నాను. నాకు అంతా ఒకే చప్పుడు.

నాలుగు రోజులకు గడియారం తిరిగొచ్చింది. నోటు పుస్తకం పెట్టుకుని పదిహేను రోజులు, రోజూ ఉదయం ఒకే వేళకు చావీ ఇచ్చి, ఫోన్ టైముతో పోల్చి రాసుకున్నాను. తేడా రోజుకు పదకొండు సెకన్లకు తగ్గలేదు, పద్నాలుగుకు మించలేదు. ముందుకు పోతోంది నిజమే, కానీ ఎంత నిలకడగా పోతోంది! ఆ నిలకడను చూసి నేను పొంగిపోయాను.

గడియారం మంచిదా కాదా అన్నది సున్నా తేడాను బట్టి తేలదు. ఇవాళ ఇరవై సెకన్లు ముందుకు, రేపు ఇరవై వెనక్కి పోయే గడియారం రెండు రోజులకు కలిపి సరిగ్గానే కనిపిస్తుంది, అది దగా. రోజూ పన్నెండే కలుపుకునేది నమ్మదగ్గది. జాన్ హారిసన్ చేసిన హెచ్4 గడియారం 1761లో ఓడెక్కి జమైకా పోయింది. దాని రోజువారీ తేడాను లెక్కలో తీసేశాక 81 రోజులకు వెనకబడింది అయిదు సెకన్లే. ఆ లెక్క కుదిరింది తేడా నిలకడగా ఉంది కాబట్టే. స్విట్జర్లాండులో క్రోనోమీటర్ పట్టా ఇచ్చే సంస్థ కాస్క్ కూడా యంత్రాన్ని పదిహేను రోజులు, అయిదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల్లో పరీక్షిస్తుంది. సగటున రోజుకు నాలుగు సెకన్ల వెనుక నుంచి ఆరు సెకన్ల ముందు వరకే ఒప్పుకుంటుంది. పదిహేడు రాళ్ళ జనతా, అంత పాతది, పన్నెండు సెకన్ల దగ్గర నిలబడిందంటే ఆ చెయ్యి ఎలాంటిదో ఆలోచించండి.

జనతాలో బ్యాలెన్స్ చక్రం సెకనుకు అయిదు దెబ్బలు కొడుతుంది. గంటకు 18,000. రోజుకు 4,32,000. రోజుకు 86,400 సెకన్లు కదా, వెయ్యింట ఒక వంతు తప్పితే దాదాపు నిమిషన్నర పోయినట్టే. పది సెకన్ల తేడా అంటే 8,640లో ఒక్క వంతు.

చాచా పని మొదట్నుంచీ చివరిదాకా చూసే భాగ్యం తర్వాతెప్పుడో కలిగింది. ముందు కమాన్‌లో, అంటే మెయిన్ స్ప్రింగులో, ఉన్న బిగువునంతా దించాడు. అది వెనక్కి తిరగకుండా ఆపే పట్టీని చిమ్టాతో వెనక్కి పట్టి, చావీని వేళ్ళ మధ్య నెమ్మదిగా తిరగనిచ్చాడు. బిగువు దించకుండా, చక్రాలను ఆపి ఆపి వదిలే ప్యాలెట్‌ను తీశారా, చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగి ఇరుసు మొనలు విరగొచ్చు. ఆ మొన మందం మిల్లీమీటరులో పదో వంతు. ఆ తర్వాత బ్యాలెన్స్, ప్యాలెట్, ఒక్కొక్క చక్రం విప్పి వరసగా పేర్చాడు. పెట్రోలులో కడిగాడు. ఇరుసులు తిరిగే రాళ్ళ బెజ్జాలను సన్నగా చెక్కిన పుల్లతో తిప్పి తిప్పి తుడిచాడు. పుల్ల తెల్లగా బయటికొచ్చేదాకా తుడుస్తూనే ఉన్నాడు. జమ్మికుంట అంటే పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు. ఈ ఊరి గడియారాల్లో దూది నూగు చేరి, ఎండిన నూనెతో కలిసి బంకలా పట్టుకుంటుందట. "మా ఊరి గడియారాలకు దగ్గొస్తది" అని నవ్వుతాడాయన.

నూనె దగ్గర ఆయన పూర్తిగా వేరే మనిషి. మాట ఆపేస్తాడు. "పోసుడు కాదు బిడ్డా, అద్దుడు" అన్నది ఒక్కటే మాట. సన్నని సూది మొనకు నిలిచినంత నూనె, రాయి గుంటలో సగానికి పైన నిండకూడదు. ఎక్కువైతే పాకి బయటికి పోతుంది, రాయి ఎండిపోతుంది. ప్యాలెట్ ఇరుసులకు అసలు పెట్టకూడదు, దాని ఎర్రరాళ్ళ ముఖానికే పెట్టాలి. బాల్ కమాన్‌కు, అంటే హెయిర్ స్ప్రింగుకు, నూనె సోకితే ఇక చెప్పనక్కర్లేదు. చుట్టలు ఒకదానికొకటి అంటుకుని స్ప్రింగు పొట్టిదైనట్టు పనిచేస్తుంది, గడియారం రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు ఉరుకుతుంది. అయస్కాంతం తగిలినా అంతే. స్పీకరు మీద గడియారం పెట్టేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఊపు అన్నది అసలు కీలకం. నూనె ఎండిన యంత్రంలో బ్యాలెన్స్ 200 డిగ్రీలైనా ఊగదు. బాగా కడిగి అద్దిన తర్వాత పడుకోబెట్టినప్పుడు 270 దాటాలి. నిలబెడితే ఇరుసు పక్కలు రాయికి ఒరుసుకుని ఊపు కొంత తగ్గుతుంది, అందుకే బల్ల మీద ఒక టైము, చేతికి పెట్టుకుంటే ఒక టైము చూపిస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి, బోర్లా పెట్టి, చావీ పైకి, కిందికి పెట్టి చూసి, ఈ తేడాలను దగ్గరికి లాగడమే గొప్ప మేస్త్రీ పని. నత్తి తీయడం కూడా అంతే: ఆయన బాల్ కమాన్ బొడ్డును వెంట్రుకవాసి తిప్పి, చెవికి పెట్టుకుని, మళ్ళీ తిప్పాడు. తర్వాత ఒక మిత్రుడి దగ్గరున్న టైమ్‌గ్రాఫర్ మిషన్ మీద పెట్టి చూశాం. టిక్కు టాక్కుల తేడా అర మిల్లీసెకను లోపే. చెవితో చేశాడు!

ఇక ఈ గడియారాల చరిత్ర. 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ గడియారాలు మొదలయ్యాయి. మన హైదరాబాద్ ఆల్విన్ కూడా సీకోతో కలిసి గడియారాలు చేసింది. అప్పట్లో మా వైపు పెళ్ళిలో అల్లుడికి గడియారం, సైకిలు, రేడియో పెట్టాల్సిందే. తర్వాత క్వార్ట్జ్ వచ్చింది. సెకనుకు 32,768 కంపనాలు, నిజమే, కచ్చితమే, కాదనను. కానీ దాన్ని చెవితో బాగుచేయగల మనిషిని చూపించండి. 2016లో కేంద్రం హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపింది. విడిభాగాలు అరుదైపోయాయి.

నా కడుపు మండేది అందుకు కాదు. పాత యంత్రాన్ని విప్పకుండా మొత్తంగా పెట్రోలులో ముంచి, ఫాస్ట్-స్లో పుల్లను కాస్త జరిపి "సర్వీసింగ్ అయింది" అని డబ్బులు తీసుకునే చేతులను చూస్తే మండుతుంది. మురికి యంత్రానికి పుల్ల జరిపితే రెండు రోజులు టైము సరిగ్గానే చూపిస్తుంది. లోపల ఎండిన ఇరుసు రాయికి ఒరుసుకుని అరుగుతూనే ఉంటుంది. నగరంలో ఒక పెద్ద దుకాణంలో నా ఇంకో గడియారానికి ఇదే చేశారు, ఆరు నెలలకు ఇరుసు అరిగిపోయింది. ఇంకొకటి, ఆన్‌లైన్‌లో దొరికే రంగురంగుల "కొత్త" జనతా, పైలట్ మోడళ్ళు. డయలుకు పచ్చరంగు పూసి, అక్షరాలు వంకరగా అచ్చేసి, లోపల నాలుగు గడియారాల తుక్కు కలిపి అమ్ముతున్నారు. అవి హెచ్‌ఎంటీ కావు. వాటిని కొనేవాళ్ళు బాపుల గడియారాలను బీరువాలో కుళ్ళబెడుతున్నారు, అదే నా బాధ.

ఆ బీరువా తెరవండి. ఉన్న గడియారానికి బలవంతంగా చావీ ఇవ్వకండి, ఎండిన నూనె మీద నడిపించకండి. మీ ఊళ్ళో చెవితో వినే ముసలి మేస్త్రీ ఇంకా కూర్చుని ఉంటే ఆయన దగ్గరికి పోండి, పూర్తిగా విప్పి కడుగుతారా అని అడగండి, అడిగినంత ఇవ్వండి. తర్వాత పదిహేను రోజులు నోటు పుస్తకంలో రాయండి. చాచాకు ఇప్పుడు కళ్ళు మసకబారుతున్నాయి. ఆయన బల్ల ముందు పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు.