ఒక ఆంగ్ల క్రియ – కృష్ణా డెల్టా ‘దమ్ము’

ఆంగ్లమున ‘పడిల్’ అను పదము వాననీటి చిన్నగుంటకు పేరుగా బాలురకు సైతము పరిచితము. క్రియగా దానిని వాడుట అరుదు. వాడినపుడును అర్థ మొక్కటి కాదు. 18వ శతాబ్దిలో ఆంగ్లదేశమున కాలువలు త్రవ్వించిన జేమ్స్ బ్రిండ్లీ, నీ రింకిపోకుండుటకై తడిబంకమట్టిని మర్దింపించి కాలువ అడుగున పఱపించెను. ఆ మర్దనము ‘పడిల్’. హెన్రీ కోర్ట్ 1784లో పేటెంటు పొందిన పద్ధతిలో, కరగిన దుక్క ఇనుమును కొలిమిలో కలియబెట్టుటయు ‘పడిల్’. వరిమడిలో నీరు నిలిపి దున్నుటయు ‘పడిల్’.

ఈ మూడవ అర్థమునకు కృష్ణా డెల్టాలో సిద్ధమైన మాట కలదు. విజయవాడయొద్ద 1855లో పూర్తియైన ఆనకట్టయు, పిమ్మట 1957లో ప్రకాశం బ్యారేజియు కాలువనీ రందించిన ఈ సీమలో రైతు దానిని ‘దమ్ము చేయుట’ యనును. తెలంగాణమున ‘కరిగెట’ యందురు. ఇట్టిచో నిఘంటుకారుడు ‘బురద చేయు’ అని వ్రాసిన అది తప్పు కాదు గాని, క్రియాప్రయోజనము జాఱిపోవును. పశువులు త్రొక్కినను బురద యగును. దమ్ము మాత్రము పనిగట్టుకొని చేయవలసినది. నీటి ఇంకుడు తగ్గుట, కలుపు అణగుట, నారు సులువుగా నాటుకొనుట దాని ఫలములు.

అట్లని ‘పడిల్’ కనబడిన చోటనెల్ల ‘దమ్ము’ అని వ్రాయవచ్చునా? వ్రాయరాదు. మృత్తికాశాస్త్ర గ్రంథములలో ఈ క్రియ పలుమాఱు నిందార్థకము. మెట్టపైరు వేయదలచిన బంకనేలను తడియారకమునుపే దున్నినచో, మట్టికణికలు చెదరి, గాలియాడు సందులు మూసికొనిపోయి, ఎండినపిదప నేల గట్టిపడును. రెండుచోట్లను మట్టిలో కలుగు మార్పు ఒకటే. పైరు మాఱుటచే గుణమే దోషమైనది. డెల్టా రైతున కిది తెలియని సంగతి కాదు. వరికోతకు కొలదిదినములు ముందుగా, పదునున్న మడిలోనే దున్నకుండ మినుము, పెసర చల్లుట ఇచటి వాడుక.

కావున ‘తడినేలను పడిల్ చేయరాదు’ అను శాస్త్రవాక్యమును ‘దమ్ము చేయరాదు’ అని తెలిగించినచో, వరిరైతు దానిని తన మడికి చెప్పిన నిషేధముగా గ్రహించును. మాట రైతుదే, సలహా మాత్రము తలక్రిందు లగును. అచట ‘తడిదుక్కితో నేలను చెఱచు’ అని విడమరచుటయే యుక్తము.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశము, మాట నెఱిగినవాడు ఆ పని చేయువాడే యని మనకు నేర్పినది. ద్విభాషా నిఘంటువులు అటనుండి మఱియొక అడుగు వేయవలెను. క్రియ కెదుట సమానపదము నిలిపినంతనే పని ముగియదు. ఆ క్రియకు కర్మ యేది, ప్రయోజన మేమి, చెప్పువాడు మెచ్చుచున్నాడా, నిందించుచున్నాడా? ఈ మూడును తేల్చినగాని అర్థము చెప్పినట్లు కాదు.