మెమ్రిస్టర్ : నాలుగవ మూలాంగమా?

నిరోధకము, కెపాసిటర్, ప్రేరక తీగచుట్ట: విద్యుత్ వలయములను చదివిన ప్రతి విద్యార్థికిని ఈ మూడు అంగములు పరిచితములే. వీటి సరసన నాలుగవది ఒకటి ఉండవలెనని 1971లో లియాన్ చువా అను శాస్త్రజ్ఞుడు వాదించెను. దానికాయన మెమ్రిస్టర్ అని పేరు పెట్టెను. అనగా జ్ఞాపకముగల నిరోధకము.

ఆయన తర్కము సులభమైనది. వలయమున నాలుగు రాశులున్నవి: వోల్టేజి, ప్రవాహము, ఆవేశము, అభివాహము. వీటిని రెండేసిగా కూర్చినచో ఆరు జతలగును. ఆవేశము మారు రేటే ప్రవాహము, అభివాహము మారు రేటే వోల్టేజి. కనుక రెండు జతలు నిర్వచనములే. మూడు జతలకు మూడు అంగములు కలవు. మిగిలినది ఆవేశ, అభివాహముల జత. దానిని పూరించునది మెమ్రిస్టర్. అంతవరకు తనగుండా ప్రవహించిన ఆవేశమును బట్టి దాని నిరోధము మారును. ప్రవాహము నిలిచినను ఆ విలువ నిలిచియుండును.

2008లో అమెరికాలోని హ్యూలెట్-పాకార్డ్ ప్రయోగశాలలో స్టాన్లీ విలియమ్స్ బృందము ఇది లభించినదని ప్రకటించెను. ప్లాటినం తీగల నడుమ టైటానియం డయాక్సైడ్ పలుచని పొరనుంచిరి. అందు ఆక్సిజన్ లోపించిన స్థానములు వోల్టేజి ప్రభావమున జరుగును, నిరోధము మారును.

నిరోధము మారుట నిజము. నాలుగవ మూలాంగము దొరికినదనుట వేరు మాట. ఈ పరికరమున అభివాహమునకు అయస్కాంత క్షేత్రముతో పనిలేదు. అది వోల్టేజిని కాలముతో గుణించి కూడిన గణిత రాశి మాత్రమే. 2015లో వొంగెహర్, మెంగ్ అనువారు ఈ ఆక్షేపణనే బలముగా తెలిపిరి. ఆక్సైడ్ పొరలలో ఇట్టి మార్పులు 1960 దశకముననే కానవచ్చినవి. 2011లో చువా, నిరోధము మార్చుకొని దానిని నిలుపుకొను రెండు కొనల జ్ఞాపక పరికరములన్నియు మెమ్రిస్టర్లే యనెను. నిర్వచనము విస్తరించిన కొలది పరీక్షకు పదును తగ్గును.

అయినను ప్రయోజనము స్వల్పము కాదు. అడ్డు, నిలువు తీగల వల నల్లి, ప్రతి కూడలియందు ఒక పరికరము నుంచిరనుకొనుడు. ఒక కూడలిలో 1000 ఓమ్‌ల నిరోధమునకు 0.2 వోల్టు నిచ్చిన 0.2 మిల్లీ ఆంపియరు, మరియొక దానిలో 500 ఓమ్‌లకు 0.3 వోల్టు నిచ్చిన 0.6 మిల్లీ ఆంపియరు ప్రవహించును. రెండును ఒకే నిలువు తీగలో కలిసి 0.8 అగును. హెచ్చవేత ఓమ్ నియమము చేసినది, కూడిక కిర్కాఫ్ నియమము చేసినది. జ్ఞాపకమున్న చోటనే లెక్క జరిగినది. అంకెలను అటునిటు మోయు శ్రమ తప్పినది. కృత్రిమ మేధకు కావలసినవి ముఖ్యముగా ఇట్టి లెక్కలే.

ఆటంకములును కలవు. ఒకే రీతి చేసిన రెండు పరికరములు సరిగా ఒకేలాగున ప్రవర్తింపవు. పలుమార్లు మార్చిన అలసిపోవును. 2013 నాటికి విపణికి తెచ్చుటకు హ్యూలెట్-పాకార్డ్, హైనిక్స్ సంస్థలు 2010లో చేతులు కలిపినను, ఆ గడువు తప్పినది. ఆ 2013లోనే పానసోనిక్ సంస్థ ఆక్సైడ్ జ్ఞాపకముగల చిన్న చిప్పులను ఉత్పత్తి చేసినది.

కావున తరగతిలో మెమ్రిస్టర్‌ను బోధించునప్పుడు రెండు మాటలు వేరుగా చెప్పవలెను. పరికరము పనిచేయుచున్నది, అది నాలుగవ మూలాంగమను వాదము ఇంకను వాదమే.